జోన్ కొలవడం వచ్చాకే జన్యువుల సంగతి

మీరు విశాఖలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నారు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా మీదే పరిశోధన చేస్తూ స్థిరపడాలని ఉంది. ఆరు నెలల ప్రాజెక్టుకి ఫిషింగ్ హార్బర్ నీళ్ళు తీసుకుందామనుకుంటున్నారు. ముందు పీసీఆర్ (ఫలానా జన్యువు ఉందో లేదో పట్టే పరీక్ష) నేర్చుకోవాలా, డబ్బు కట్టి జీనోమ్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా డీఎన్ఏ అంతా చదవడం) కోర్సు చేయాలా, అన్నీ పక్కన పెట్టి నెట్‌కి (పరిశోధన ఫెలోషిప్ తెచ్చే జాతీయ పరీక్ష) కూర్చోవాలా అన్నది మీ ప్రశ్న. గైడు గారు ఆకుల కషాయాలు కూడా పరీక్షించమంటున్నారని ఉత్తరం చివర్లో రాశారు.

ముందే చెప్పేస్తాను. కోర్సుకి డబ్బు కట్టకండి. నెట్ చదువు రోజుకి రెండు గంటలు పక్కన నడుస్తూ ఉండాలి. బెంచి మీద మాత్రం మొదటి ఆరు వారాలు ఒకటే పని: ఏటీసీసీ 25922 ఈ. కోలై (ల్యాబులు కంట్రోల్‌గా వాడే స్ట్రెయిన్) మీద డిస్క్ డిఫ్యూజన్ చేసి, అంటే బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద మందు డిస్కులు పెట్టి, జోన్లు (డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు) ప్రతిసారీ హద్దుల్లో పడేదాకా చేయడం. పీసీఆర్ ఆ తర్వాత. సీక్వెన్సింగ్ ఇంకా తర్వాత.

ఎందుకంటే ఈ రంగంలో మీకు మిగిలే ఆస్తి మైనస్ 80 ఫ్రీజర్‌లోని ఐసోలేట్లు (నమూనా నుంచి విడదీసి పెంచిన బ్యాక్టీరియా), వాటి పక్కన రాసిన సెన్సిటివ్ (మందుకి లొంగేది), రెసిస్టెంట్ (లొంగనిది) అన్న మాటలు. ఆ మాట నిజమైతే ఐదేళ్ళ తర్వాత కూడా ఆ ఐసోలేట్ తీసి సీక్వెన్స్ చేసుకోవచ్చు, ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి జన్యువుల్ని మోసుకెళ్ళే డీఎన్ఏ వలయం) బదిలీ చూడొచ్చు. అదే తప్పైతే దాని మీద కట్టిన జన్యువుల పట్టికంతా తప్పే.

డిస్క్ పరీక్షలో ఎక్కడ చెడుతుంది

ముల్లర్ హింటన్ అగార్ (ప్లేటులో పోసే పోషక జెల్) మందం 4 మి.మీ. ఉండాలి. 90 మి.మీ. ప్లేటుకి దాదాపు 25 మి.లీ. పడుతుంది. కొలవకుండా కంటి అంచనాతో పోస్తే ఒక ప్లేటు 3, ఇంకోటి 6 మి.మీ. వస్తుంది. మందం పెరిగితే జోన్ చిన్నదై సెన్సిటివ్‌ది రెసిస్టెంట్‌గా కనిపిస్తుంది, పలచబడితే తిరగబడుతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. అది తగ్గితే జెంటామైసిన్ లాంటి అమినోగ్లైకోసైడ్ల జోన్లు కుంచించుకుపోతాయి. సూడోమోనాస్ మీద కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైనా అదే జరుగుతుంది. అందుకే మీడియా బ్యాచ్ మారినప్పుడల్లా కంట్రోల్ స్ట్రెయిన్ మళ్ళీ పెట్టాలి.

కల్చర్ గాఢత 0.5 మెక్‌ఫార్లాండ్, అంటే పోల్చి చూసే మడ్డితనం ప్రమాణం. దీన్ని ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు: 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మి.లీ.లో 1.175 శాతం బేరియం క్లోరైడ్ 0.5 మి.లీ. కలపండి. 625 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 0.08 నుంచి 0.13 చూపాలి. అంటే మి.లీ.కి సుమారు 10 నుంచి 20 కోట్ల కణాలు. ట్యూబుని కిటికీకి ఎత్తి చూసి సరిపోయిందనుకునే అలవాటు మానండి. కల్చర్ చిక్కబడితే జోన్లన్నీ చిన్నవవుతాయి.

సస్పెన్షన్ చేసిన 15 నిమిషాల్లో స్వాబ్ తిప్పాలి. స్వాబ్‌ని ట్యూబు గోడకి నొక్కి పిండి, ప్లేటుని ప్రతిసారీ 60 డిగ్రీలు తిప్పుతూ మూడుసార్లు రాయాలి. తర్వాత 15 నిమిషాల్లో డిస్కులు, ఇంకో 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. చిన్న ప్లేటులో ఐదు డిస్కులకి మించి పెట్టకండి, జోన్లు కలిసిపోతాయి. ఒకసారి అగార్‌ని తాకిన డిస్కుని జరపకూడదు, మందు అప్పటికే దిగిపోయి ఉంటుంది.

25922 మీద సెఫోటాక్సిమ్ 30 మైక్రోగ్రాముల డిస్క్ 29 నుంచి 35 మి.మీ., సెఫ్టాజిడిమ్ 30 అయితే 25 నుంచి 32, జెంటామైసిన్ 10 అయితే 19 నుంచి 26 మధ్య పడాలి. ఏదైనా బయట పడితే ఆ రోజు ఆ మందుకి సంబంధించిన రీడింగులన్నీ కొట్టేయండి. మనసొప్పదు, అయినా కొట్టేయాలి.

విశాఖలో ఉన్నవాళ్ళకి ఇంకో శత్రువు గాలిలో తేమ. డిస్కుల కార్ట్రిడ్జ్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే మూత తెరిస్తే లోపల నీరు పడుతుంది. ఇమిపెనెమ్, క్లావులనేట్ ముందు చస్తాయి. మూసి ఉన్న డబ్బాని గంట, రెండు గంటలు బయట ఉంచి గది వేడికి వచ్చాకే తెరవండి. పని అయ్యాక సిలికా జెల్ వేసి, మూత బిగించి మళ్ళీ ఫ్రీజర్. ప్లేట్ల మీద నీటి బిందువులు కనిపిస్తే మూత ఓరగా తీసి 35 డిగ్రీల్లో పదీ ఇరవై నిమిషాలు ఆరబెట్టండి. తడి ప్లేటు మీద లాన్ (ప్లేటంతా పరుచుకున్న బ్యాక్టీరియా పొర) పాయలు పాయలుగా వస్తుంది.

జోన్లని ఏ ఏడాది బ్రేక్‌పాయింట్ల పట్టికతో (ఎన్ని మి.మీ. అయితే సెన్సిటివ్, ఎన్నయితే రెసిస్టెంట్ అని చెప్పేది) చదివారో రాయండి. ల్యాబ్ ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ వాళ్ళు 2019లో ఎంటరోబ్యాక్టీరియా జాతులకి (ఈ. కోలై ఉన్న వర్గం) సిప్రోఫ్లాక్ససిన్ హద్దులు మార్చారు. పాత లెక్కలో 21 మి.మీ. లేదా ఆపైన సెన్సిటివ్. ఇప్పుడు కనీసం 26 ఉండాలి, 21 గానీ అంతకు తక్కువ గానీ అయితే రెసిస్టెంట్. అంటే 24 మి.మీ. వచ్చిన ఐసోలేట్ ఒకప్పుడు సెన్సిటివ్, ఇప్పుడు మధ్యస్థం. సీనియర్ల థీసిస్‌లోంచి పట్టిక దించుకుంటే పదేళ్ళ కిందటి తప్పు మీ పేరు మీద అచ్చవుతుంది.

హార్బర్ నీళ్ళు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ "హార్బర్‌లో రెసిస్టెంట్ బ్యాక్టీరియా ఉందా?" అన్నది ప్రశ్న కాదు. ఉంటుంది. పోలిక లేకపోతే అది వార్త కూడా కాదు. 2011లో ఢిల్లీ నీళ్ళలో ఎన్‌డీఎం-1 (కార్బపెనెమ్ మందుల్ని కూడా నరికే ఎంజైమ్) జన్యువు గురించి వచ్చిన పేపర్ చూడండి. వీధుల్లో నిలిచిన నీళ్ళ నమూనాలు 171లో 51, కుళాయి నీళ్ళ నమూనాలు 50లో 2 పాజిటివ్. వాళ్ళు కార్డిఫ్ మురుగు నీటి నమూనాలు కూడా పక్కన పెట్టుకున్నారు, వాటిలో ఆ జన్యువు దొరకలేదు. ఆ పోలికే పేపర్‌కి బలం.

మీ ప్రాజెక్టుకి మూడు చోట్లు చాలు: గెడ్డ (ఊళ్ళోంచి వచ్చే వాగు) నీళ్ళు వచ్చి కలిసే చోటు, పడవలు ఆగే జెట్టీ పక్క, హార్బర్ బయట తెరిచిన సముద్రం. ప్రతిసారీ పోటు, పాటుల్లో ఒకే దశలో తీసుకోండి. పాటు సమయంలో గెడ్డ నీళ్ళు ఎక్కువ, పోటులో సముద్రపు నీళ్ళు ఎక్కువ. ఇది రాసుకోకపోతే మీ తేడాలన్నీ చంద్రుడివి అవుతాయి, యాంటీబయాటిక్‌లవి కావు. వాన పడిన రెండు రోజుల్లోపు తీసిన నమూనాలని విడిగా గుర్తుపెట్టండి.

స్టెరైల్ సీసాలో 500 మి.లీ., ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌లో పని మొదలుపెట్టాలి. క్లోరిన్ వేసిన శుద్ధి కేంద్రం నీళ్ళు తీసుకుంటే, సీసాని ఆటోక్లేవ్ చేసే ముందే ప్రతి 100 మి.లీ. నమూనాకి 10 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మి.లీ. లెక్కన వేయండి. లేకపోతే దారిలోనే క్లోరిన్ బ్యాక్టీరియాని చంపుతూ పోతుంది, ల్యాబ్‌కి వచ్చేసరికి లెక్క తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన ట్రైసైకిల్ పద్ధతి మీ పనికి సరిగ్గా సరిపోతుంది: టీబీఎక్స్ అగార్ (ఈ. కోలైని రంగుతో పట్టించేది) ప్లేట్లు రెండు రకాలు, ఒకటి మామూలుది, రెండోదానిలో మి.లీ.కి 4 మైక్రోగ్రాముల సెఫోటాక్సిమ్. ఒకే డైల్యూషన్లు రెండింటి మీదా వేస్తారు. నీలిఆకుపచ్చ కాలనీలు ఈ. కోలై. రెండో లెక్కని మొదటి దానితో భాగిస్తే ఎంత శాతం రెసిస్టెంట్ అన్నది వస్తుంది. మందు ఉన్న ప్లేటు ఒక్కటే వేసినవాళ్ళకి ఆ శాతం ఎప్పటికీ దొరకదు. ప్రాజెక్టుల్లో ఇదే ఎక్కువగా కనిపించే లోపం.

సెఫోటాక్సిమ్ తూకం వేసేటప్పుడు పొడి పొటెన్సీ (అందులో అసలు మందు ఎంతుందన్నది) చూడండి. మి.గ్రా.కి 920 మైక్రోగ్రాములు అని ఉంటే, మి.లీ.కి 10 మి.గ్రా. స్టాక్ 10 మి.లీ. కావాలంటే 100 కాదు, 108.7 మి.గ్రా. తూచాలి. మందుల షాపు ఇంజెక్షన్ వయల్ పొడి వాడకండి. అగార్ 50 డిగ్రీలకి చల్లారాకే కలపాలి. వేడిగా ఉన్నప్పుడు పోస్తే మందు పాడై, ఏదైనా మొలుస్తుంది.

ప్లేటుకి నాలుగు కాలనీలకి మించి ఎత్తకండి. మూడు చోట్లు, ఆరుసార్లు, నాలుగేసి అంటే 72 ఐసోలేట్లు. ఎమ్మెస్సీకి అది ధారాళంగా సరిపోతుంది. ఒకే ప్లేటులోంచి యాభై ఎత్తి "50 ఐసోలేట్లు, అన్నీ రెసిస్టెంట్" అని రాస్తే, ఒకే క్లోన్‌ని యాభైసార్లు లెక్కపెట్టినట్టు. ఎరిక్ పీసీఆర్ (ఐసోలేట్ల డీఎన్ఏ వేలిముద్రలు పోల్చే పరీక్ష) ఒకటి నడిపితే ఆ సంగతి బయటపడుతుంది.

సముద్రపు నీళ్ళలో విబ్రియోల (కలరా బ్యాక్టీరియా, దాని బంధువులు) మీద ఆసక్తి ఉంటే వాటికని చేసిన టీసీబీఎస్ అగార్ మీద ఎత్తండి, సస్పెన్షన్‌ని 0.85 శాతం ఉప్పు నీటిలో చేయండి. వాటి బ్రేక్‌పాయింట్లు సీఎల్ఎస్ఐ మామూలు పట్టిక ఎం100లో వెతకొద్దు, ఎం45 అనే వేరే పత్రంలో ఉంటాయి.

నిర్ధారణ పరీక్షలు

ఈఎస్‌బీఎల్ (సెఫోటాక్సిమ్ లాంటి మందుల్ని నరికే ఎంజైమ్) కోసం సెఫోటాక్సిమ్, దాని పక్కన సెఫోటాక్సిమ్-క్లావులనేట్ డిస్క్ పెట్టండి. రెండోదాని జోన్ 5 మి.మీ. గానీ అంతకుమించి గానీ పెద్దదైతే పాజిటివ్.

కార్బపెనిమేజ్‌కి (మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లని నరికే ఎంజైమ్) ఎంసీఐఎం పరీక్ష చవక. 2 మి.లీ. టీఎస్‌బీలో (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) 1 మైక్రోలీటరు లూప్ నిండా కల్చర్ (సూడోమోనాస్ అయితే 10 మైక్రోలీటర్ల లూప్), అందులో మెరోపెనెమ్ 10 మైక్రోగ్రాముల డిస్క్ వేసి, 35 డిగ్రీల్లో నాలుగు గంటలు. ఆ డిస్కుని తీసి 25922 లాన్ మీద పెట్టి రాత్రంతా ఉంచండి. జోన్ 6 నుంచి 15 మి.మీ. ఉంటే పాజిటివ్, 19 పైన నెగెటివ్. 16 నుంచి 18 మధ్య జోన్ లోపల చిన్న చిన్న కాలనీలుంటే పాజిటివ్, లేకపోతే తేలలేదని అర్థం. ఓఎక్స్ఏ-48 రకం కార్బపెనిమేజ్ మాత్రం మెరోపెనెమ్‌ని నెమ్మదిగా నరుకుతుంది కాబట్టి మామూలు డిస్క్ పరీక్షలో సెన్సిటివ్‌గా కనిపించి మోసం చేయగలదు. ఎర్టాపెనెమ్ డిస్క్ దాన్ని బాగా పట్టిస్తుంది.

కొలిస్టిన్‌కి డిస్క్ పెట్టి జోన్ కొలిచిన థీసిస్ కనిపిస్తే ఆ పేజీ తిప్పేయండి. అది పెద్ద అణువు, అగార్‌లో సరిగ్గా పాకదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందు గాఢత మారుస్తూ పెంచి చూడటం) చేయలేకపోతే డిస్క్ ఎల్యూషన్ చేయండి: క్యాటయాన్ సర్దిన ముల్లర్ హింటన్ బ్రాత్ 10 మి.లీ. చొప్పున నాలుగు ట్యూబుల్లో వరుసగా 0, 1, 2, 4 కొలిస్టిన్ డిస్కులు (ఒక్కోటి 10 మైక్రోగ్రాములు), అరగంట ఆగి, 0.5 మెక్‌ఫార్లాండ్ కల్చర్ 50 మైక్రోలీటర్లు. మర్నాడు ఏ ట్యూబు మడ్డిగా ఉందో చూడటమే. ఇది ఎంటరోబ్యాక్టీరియా జాతులకి, సూడోమోనాస్ ఏరుగినోసాకి చెల్లుతుంది. 2015 చివర్లో కొలిస్టిన్‌కి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువు బయటపడ్డాక, 2019లో మన దేశం పశువుల, కోళ్ళ, రొయ్యల పెంపకంలో కొలిస్టిన్‌ని నిషేధించాక ఈ మందు మీద ప్రశ్నలు పెరిగాయి. సరిగ్గా కొలవగలిగే చేయికి గిరాకీ ఉంది.

పుట్టుకతో వచ్చే నిరోధకతని కూడా లెక్కలో కలిపేస్తుంటారు. క్లెబ్సియెల్లాకి ఆంపిసిలిన్ పనిచేయకపోవడం వార్త కాదు, ప్రోటియస్‌కి కొలిస్టిన్ కూడా అంతే. అలాంటివి తీసేసి, మూడు లేదా అంతకన్నా ఎక్కువ తరగతుల మందుల్లో ఒక్కోదానికైనా లొంగనప్పుడే ఎండీఆర్ (అనేక మందులకి లొంగనిది) అనండి.

పీసీఆర్, సీక్వెన్సింగ్

పీసీఆర్ నేర్చుకోవడానికి పది రోజులు చాలు. కాలనీని 200 మైక్రోలీటర్ల నీటిలో కలిపి, 10 నిమిషాలు మరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి పై నీరు వాడుకుంటే చాలా వాటికి పనిచేస్తుంది. కార్బపెనిమేజ్‌లకి 2011లో వచ్చిన మల్టీప్లెక్స్ ప్రైమర్లతో (ఒకే ట్యూబులో చాలా జన్యువులు వెతికేవి) ఎన్‌డీఎం బ్యాండ్ 621, ఓఎక్స్ఏ-48ది 438, కేపీసీది 798 బేస్ జతల దగ్గర పడతాయి. మన దేశంలో మొదటి రెండూ ఎక్కువ. పాజిటివ్ కంట్రోల్, నెగెటివ్ కంట్రోల్, డీఎన్ఏ వేయని ట్యూబు, మూడూ ప్రతి రన్‌లో ఉండాలి. టీఈఎం (ఆంపిసిలిన్‌ని నరికే ఎంజైమ్) జన్యువు వెతికేటప్పుడు ఆ ఖాళీ ట్యూబులో కూడా బ్యాండ్ వస్తే కంగారుపడకండి. పీసీఆర్‌కి వాడే కొన్ని టాక్ ఎంజైమ్‌లలోనే ఆ జన్యువు ముక్కలు కలిసి ఉంటాయి. ఎంజైమ్ మార్చి చూడండి.

16ఎస్ (బ్యాక్టీరియా అన్నిటిలో ఉండే రైబోజోమ్ జన్యువు) సీక్వెన్స్ చేసి జాతి పేరు రాసేయడం ఇంకో తొందరపాటు. అది ఈ. కోలైని షిగెల్లా నుంచి విడదీయలేదు, అసినిటోబ్యాక్టర్‌లో దగ్గరి జాతుల్నీ తేల్చలేదు. అసినిటోబ్యాక్టర్ బామనై అని చెప్పాలంటే దాని సొంత క్రోమోజోమ్‌లో ఉండే ఓఎక్స్ఏ-51 చూడాలి, లేదా ఆర్‌పీఓబీ జన్యువు.

సీక్వెన్సింగ్‌కి 72 పంపక్కర్లేదు, పది ఎంచండి. ఈ. కోలై జీనోమ్ దాదాపు 50 లక్షల బేసులు. వందరెట్ల లోతు అంటే 50 కోట్ల బేసుల డేటా. చిన్న రీడ్లతో (ఒక్కసారి చదివే డీఎన్ఏ ముక్కలు) ఏ జన్యువులున్నాయో తెలుస్తుంది, అవి ఏ ప్లాస్మిడ్ మీదున్నాయో తెలియదు. ఐఎస్26 లాంటి పునరావృతాల (మళ్ళీ మళ్ళీ వచ్చే డీఎన్ఏ వరుసలు) దగ్గర అసెంబ్లీ, అంటే ముక్కల అతుకు, తెగిపోతుంది. ప్లాస్మిడ్ కావాలంటే నానోపోర్ లాంటి పొడవు రీడ్లు ఉండాలి. విశ్లేషణ నేర్చుకోవడానికి రెసిస్టెన్స్ జన్యువుల్ని వెతికే రెస్‌ఫైండర్, కార్డ్ రెండూ ఉచితం. ఎన్‌సీబీఐ డేటాబేస్ నుంచి ఇరవై జీనోమ్‌లు దించుకుని సాయంత్రాలు కూర్చుంటే కోర్సులో నేర్పేది చాలావరకు వచ్చేస్తుంది. అందుకే కోర్సు వద్దన్నాను.

దాచడం, భద్రత

రాత్రి పెరిగిన కల్చర్ 0.6 మి.లీ., స్టెరైల్ 50 శాతం గ్లిసరాల్ 0.4 మి.లీ. కలిపితే 20 శాతం అవుతుంది. ప్రతి ఐసోలేట్‌కి మూడు వయల్స్, కనీసం ఒకటి వేరే భవనంలోని ఫ్రీజర్‌లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తెరవకపోయినా మైనస్ 80 అన్ని రోజులు నిలవదు. అందుకే ముఖ్యమైన వాటిని అగార్ స్టాబ్‌లో పారఫిన్ నూనె పోసి గది వేడిలో చీకట్లో కూడా ఉంచండి. ఒక చిక్కుంది: మందు లేకుండా పెరిగితే కొన్ని ప్లాస్మిడ్లు జారిపోతాయి. స్టాబ్‌లోంచి తీసిన ఐసోలేట్‌కి జోన్లు మళ్ళీ చూసుకున్నాకే వాడండి.

హారిజాంటల్ లామినార్ ఫ్లోలో ఈ పని చేయొద్దు. అది ప్లేటుని కాపాడుతుంది, గాలిని మాత్రం మీ ముఖం మీదికి కొడుతుంది. క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. వాడిన ప్లేట్లు ఆటోక్లేవ్ అయ్యాకే పసుపు సంచిలోకి వెళ్ళాలి. నిండుగా కుక్కిన సంచికి 121 డిగ్రీల్లో 15 నిమిషాలు చాలవు, 45 దాకా ఉంచండి. కాంజుగేషన్‌లో (ప్లాస్మిడ్ బదిలీ పరీక్ష) ప్లాస్మిడ్ అందుకునే జే53 స్ట్రెయిన్‌కి సోడియం అజైడ్ వాడతారు. అది విషం, సింకులో పోస్తే లోహపు గొట్టాలతో కలిసి పేలే పదార్థం తయారవుతుంది.

రోగుల నమూనాలకి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే కావాలి, పని అయ్యాక ఇవ్వరు. విదేశీ ల్యాబ్‌కి స్ట్రెయిన్ పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి చూసుకోవాలి.

ఉద్యోగం సంగతి

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ బెట్ లాంటి పరీక్షల్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. సొంత ఫెలోషిప్ ఉన్నవాళ్ళు గైడుని ఎంచుకుంటారు. లేనివాళ్ళని గైడు ఎంచుకుంటారు. తేడా అంతే, కానీ అది ఐదేళ్ళ తేడా. నెట్ రాకపోతే ప్రాజెక్టు పోస్టులో చేరి మళ్ళీ రాయొచ్చు.

విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ, కేజీహెచ్ ఆసుపత్రితో కలిసిన ఆంధ్రా మెడికల్ కాలేజీ, చేపల వైపు సీఐఎఫ్‌టీ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రాలు, సముద్రం వైపు ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. రొయ్యల ఎగుమతి ఇంత ఉన్న ఊళ్ళో చేపల, రొయ్యల బ్యాక్టీరియా మీద పని చేయగలవాళ్ళకి ఆసుపత్రి ఐసోలేట్ల వాళ్ళకన్నా పోటీ తక్కువని నా అభిప్రాయం. ఆసుపత్రిలో రోగికి వెళ్ళే రిపోర్టు బాధ్యత మామూలుగా ఎండీ మైక్రోబయాలజిస్టులది. ఎమ్మెస్సీతో అక్కడ పరిశోధన చేయొచ్చు, రిపోర్టింగ్ ఆశించకండి. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల మైక్రోబయాలజీ ఉద్యోగాలు స్టెరిలిటీ, ఎండోటాక్సిన్ పరీక్షలవి. జీతం ముందే వస్తుంది, కానీ అక్కడి నుంచి పరిశోధనకి తిరిగి రావడం కష్టం.

ఆ ఫ్యాక్టరీల కాలువ నీళ్ళ మీద చేద్దామనిపిస్తుంది. 2007లో పటాన్‌చెరు దగ్గర శుద్ధి కేంద్రం నీళ్ళలో లీటరుకి 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికిందన్న పేపర్ ప్రపంచమంతా చదివింది. వాళ్ళు మందునే మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచారు. మీరు బ్యాక్టీరియాని మాత్రమే చూసి "ఫ్యాక్టరీ వల్లే" అనలేరు, ఇళ్ళ మురుగు నుంచీ అవే వస్తాయి.

పీహెచ్‌డీ గైడుని కలిసినప్పుడు ఫ్రీజర్ రిజిస్టర్, కంట్రోల్ స్ట్రెయిన్ జోన్ల పుస్తకం చూపించమనండి. ముందు విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో వాళ్ళనే అడగండి. ప్రచురణల జాబితా కన్నా ఈ మూడూ ఎక్కువ చెబుతాయి.

ఇక ఆకుల కషాయాలు. గైడు గారిని కాదనలేరు, కాబట్టి తక్కువ చేటుతో ముగించండి. అగార్‌లో బావి (చిన్న గుంట) తవ్వి కషాయం పోసి జోన్ కొలవకండి. అందులోని పదార్థం అగార్‌లో ఎంత పాకిందన్నదే ఆ జోన్ చెబుతుంది, బలం కాదు. బ్రాత్‌లో ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస గాఢత) చేయండి, కరిగించడానికి వాడే డీఎంఎస్ఓ 1 శాతం దాటకుండా, డీఎంఎస్ఓ ఒక్కటే ఉన్న కంట్రోల్ వరుస పక్కన పెట్టి. మి.లీ.కి 1000 మైక్రోగ్రాములు దాటితేగానీ ఆగకపోతే "ప్రభావం లేదు" అని రాసేయండి. రెండు వారాల పని. మిగతా సమయం హార్బర్ ఐసోలేట్లకి ఉంటుంది.